చూపు నేర్చుకునేది మెదడు: కొన్ని అపోహలు, వాస్తవాలు

చిన్నపిల్లల కంటి వైద్యురాలిగా నన్ను తల్లిదండ్రులు తరచుగా అడిగేది, బిడ్డ మెదడు చురుగ్గా ఎదగాలంటే ఏ బొమ్మలు కొనాలి, ఏ సంగీతం వినిపించాలి అని. నా ఆత్రుత వేరు. ఆ బిడ్డ కంట్లోకి వెలుగు సరిగ్గా వెళ్తోందా, చెవికి మాట చేరుతోందా? పసి మెదడుకు మనం ప్రత్యేకంగా అందించవలసింది తక్కువే. సహజంగా అందవలసిన దానికి ఏదైనా అడ్డుపడితే మాత్రం నష్టం చాలా ఎక్కువ.

అపోహ: పుట్టుకతో వచ్చిన శుక్లాన్ని బిడ్డ కాస్త పెద్దయ్యాక తీయించవచ్చు.

వాస్తవం: పెద్దవారి శుక్లం కొన్నాళ్లు ఆగగలదు, ఎందుకంటే వారి మెదడుకు చూడటం అప్పటికే వచ్చు. పసిబిడ్డకు ఇంకా రాదు. 1960లలో డేవిడ్ హ్యూబెల్, టోర్‌స్టెన్ వీసెల్ అనే శాస్త్రవేత్తలు పిల్లికూనల ఒక కంటి రెప్పను కొన్ని వారాలు మూసి ఉంచి, తర్వాత తెరిచారు. కన్ను బాగానే ఉంది. కానీ మెదడులోని దృష్టి కణాల్లో చాలావరకు ఆ కంటికి స్పందించడం మానేశాయి. ఎదిగిన పిల్లుల్లో అదే పని చేస్తే అలా జరగలేదు. ఈ పరిశోధనలకు వారికి 1981లో నోబెల్ వచ్చింది.

నాకు ఇందులో అన్నిటికంటే ముఖ్యంగా తోచేది మరొకటి. రెండు కళ్లూ మూసినప్పటి కంటే ఒక్క కన్ను మూసినప్పుడే ఆ కంటికి ఎక్కువ నష్టం జరిగింది. మెదడులో చోటు కోసం రెండు కళ్లూ పోటీ పడతాయి. మూసిన కంటి వాటాను తెరిచిన కన్ను ఆక్రమించుకుంటుంది. అందుకే దట్టమైన శుక్లం ఒక కంటికే ఉంటే దాదాపు ఆరు వారాల వయసులోపే తీయాలంటాం. రెండు కళ్లకూ ఉంటే గడువు కొద్ది వారాలు ఎక్కువ, అంతే. ఆపరేషన్‌తో పని అయిపోయిందని చాలామంది ఊపిరి పీల్చుకుంటారు. నిజానికి అసలు వైద్యం అప్పుడే మొదలవుతుంది: అద్దాలు లేదా కాంటాక్ట్ లెన్స్, ఒక కంటి శుక్లమైతే బాగున్న కంటికి రోజూ కొంతసేపు పట్టీ, అదీ ఏళ్ల తరబడి.

అపోహ: మెల్లకన్ను వయసుతో సర్దుకుంటుంది.

వాస్తవం: మొదటి మూడు నెలల్లో కళ్లు అప్పుడప్పుడు పక్కకు తిరగడం మామూలే. నాలుగు నెలలు దాటాక కూడా తిరుగుతుంటే చూపించాలి. రెండు కళ్లు రెండు వేర్వేరు దృశ్యాలు పంపితే మెదడు ఒకదాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. ఆ కంటి చూపు మందగిస్తుంది. దీన్నే లేజీ ఐ అంటారు. బిడ్డ ఫిర్యాదు చేయదు, తన చూపు ఎప్పుడూ అలాగే ఉంది కాబట్టి.

అపోహ: ఏడేళ్లు దాటితే ఇక లాభం లేదు.

వాస్తవం: ఎంత త్వరగా మొదలుపెడితే అంత మేలన్నది నిజమే. కానీ అవకాశం ఒక్క రోజులో మూసుకుపోదు. ఏడు నుంచి పన్నెండేళ్ల లేజీ ఐ పిల్లలపై జరిగిన పరీక్షలో, అద్దాలకు తోడు బాగున్న కంటికి పట్టీ, చుక్కల మందు వాడినవారిలో సగం మందికి పైగా చూపు మెరుగుపడింది. ఆలస్యమైందని చెప్పి పిల్లలను వెనక్కి పంపేయడం నాకు అస్సలు నచ్చదు.

అపోహ: మోజార్ట్ వింటే పిల్లల తెలివి పెరుగుతుంది.

వాస్తవం: ఈ నమ్మకానికి మూలమైన 1993 నాటి ప్రయోగం పసిపిల్లల మీద కాదు, కాలేజీ విద్యార్థుల మీద జరిగింది. కనిపించిన ప్రభావం పావుగంట కూడా నిలవలేదు. సంగీతం ఇష్టమైతే వినిపించండి, ఇష్టం కోసమే.

అపోహ: వీడియోలు చూస్తే పిల్లలు భాష నేర్చుకుంటారు.

వాస్తవం: ఆరు నుంచి ఎనిమిది నెలల వయసులో, ఇంగ్లీషు మాత్రమే వినే ఇంటి బిడ్డలు కూడా హిందీలోని త, ట శబ్దాల తేడాను పసిగడతారు. ఏడాది నిండేసరికి ఆ నేర్పు చాలావరకు పోతుంది. వినిపించే భాషకే చెవి స్థిరపడుతుంది. మరి వీడియో దాన్ని నిలబెట్టగలదా? పిల్లలు భాష ఎలా నేర్చుకుంటారో పరిశోధించే ప్యాట్రీషియా కూల్ బృందం 2003లో తొమ్మిది నెలల అమెరికన్ పిల్లలకు చైనీస్ మాండరిన్ వినిపించింది. ఎదురుగా కూర్చున్న మనిషి నుంచి విన్నవారు ఆ శబ్దాలను పట్టుకున్నారు. అవే మాటలు తెర మీద విన్నవారు పట్టుకోలేదు.

అపోహ: ఫొటోలో కంటిపాప తెల్లగా మెరిస్తే అది ఫ్లాష్ వల్లే.

వాస్తవం: కొన్నిసార్లు అంతే. కానీ అది శుక్లం కావచ్చు, రెటినోబ్లాస్టోమా అనే కంటి క్యాన్సర్ కూడా కావచ్చు. తర్వాతి టీకా తేదీ దాకా ఆగకుండా, ఆ ఫొటోతో సహా బిడ్డను వెంటనే కంటి వైద్యుల దగ్గరకు తీసుకువెళ్లండి.