బంతి ముట్టని బ్యాక్: ఫుల్‌బ్యాక్ గురించి, కోచ్ పని గురించి అపోహలు – వాస్తవాలు

హైస్కూల్లో నేను ఆడిన అమెరికన్ ఫుట్‌బాల్ ఆటలన్నీ మా అమ్మ చూసింది. శుక్రవారం రాత్రి స్టేడియం లైట్ల కింద, ఒళ్లో పులిహోర డబ్బా పెట్టుకుని కూర్చునేది. ఆట అయ్యాక ప్రతిసారీ ఒకటే ప్రశ్న: "నీ చేతికి బంతి ఎప్పుడిస్తార్రా?" రెండు సీజన్లలో నాకు బంతి ఇచ్చింది పదకొండు సార్లు. నేను ఫుల్‌బ్యాక్‌ని మరి.

తొమ్మిదో ఏట తెనాలి నుంచి టెక్సస్ వచ్చాను. ఇప్పుడు ఇక్కడే ఒక హైస్కూల్లో రన్నింగ్ బ్యాక్స్ కోచ్‌ని. మన తెలుగు పిల్లలు ఒకరిద్దరు టీములో చేరాక, వాళ్ల అమ్మానాన్నలు పార్కింగ్ లాట్‌లో నన్ను ఆపి అడిగే ప్రశ్నలన్నీ ఇంచుమించు ఒకటే. వాటికి జవాబులే ఇవి.

ఆట తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఒక్కో వైపు పదకొండు మంది. బంతి ముందు క్వార్టర్‌బ్యాక్ చేతికి వస్తుంది. అతను దాన్ని విసరొచ్చు, లేదంటే వెనక నిలబడ్డ రన్నింగ్ బ్యాక్‌కి అందించొచ్చు. ఆ ఇద్దరి మధ్య వంగి, ఒక చెయ్యి నేలకి ఆనించి ఉండే బండ మనిషి ఫుల్‌బ్యాక్. బంతి మోసేవాడి కంటే ముందు సందులోకి దూరి, అక్కడ ఎదురొచ్చేవాణ్ణి పక్కకి నెట్టెయ్యడం అతని పని.

అపోహ: ఫుల్‌బ్యాక్ అంటే అందరికన్నా వెనక ఉండేవాడు.

ఒకప్పుడు నిజమే. క్వార్టర్, హాఫ్, ఫుల్ అనేవి ఎవరు ఎంత వెనక నిలబడతారో చెప్పే పేర్లు. ఆ రోజుల్లో బంతి మోసేది కూడా ఎక్కువగా ఫుల్‌బ్యాకే. 1929లో కార్డినల్స్ జట్టు ఫుల్‌బ్యాక్ ఎర్నీ నెవర్స్, షికాగో బేర్స్ మీద ఒక్క ఆటలో 40 పాయింట్లు కొట్టాడు. జట్టు స్కోరు మొత్తం 40, మొత్తం అతనిదే. ఆ రికార్డు ఇప్పటికీ ఎవరూ దాటలేదు. తర్వాతి ఏడాది అదే జట్టుకి ఆడుతూనే కోచ్ కూడా అయ్యాడు. జిమ్ బ్రౌన్ కూడా ఫుల్‌బ్యాకే, తొమ్మిది సీజన్లలో 12,312 యార్డులు. ఆ తర్వాత ఫార్మేషన్లు మారాయి, ఫుల్‌బ్యాక్ ముందుకి జరిగాడు, బంతి అతని వెనకున్నవాడి చేతికి పోయింది. పేరు మాత్రం ఎవరూ మార్చలేదు.

అపోహ: కండబలం ఉంటే చాలు, బుర్రతో పని లేదు.

ఇది వింటే నాకు ఒళ్లు మండుతుంది. ప్రతి సీజన్ వింటాను కాబట్టి కొంచెం వివరంగానే చెప్తాను.

"ఐసో" అని ఒక ప్లే, అంటే ముందే అనుకున్న ఎత్తు, ఉంది. చూడ్డానికి ఇంతకన్నా మొరటు ప్లే ఉండదు. లైన్‌మెన్ (మన ముందు వరసలోని ఐదుగురు) అందరూ తలా ఒకణ్ణి పట్టుకుంటారు, ఒక్క లైన్‌బ్యాకర్‌ని (ఎదుటి జట్టు రెండో వరసలో ఉండేవాణ్ణి) మాత్రం కావాలనే వదిలేస్తారు. వాడు ఫుల్‌బ్యాక్ వాటా. కాగితం మీద అంతే. అయితే స్నాప్‌కి (బంతి వెనక్కి అందించే క్షణానికి) అర సెకను ముందు డిఫెన్స్‌లో ఒకడు పక్కకి జరిగితే మన గార్డ్ (లైన్‌మెన్‌లో ఒకడు) పట్టుకోవాల్సిన మనిషి మారిపోతాడు. దాంతో నేను పట్టుకోవాల్సినవాడూ మారిపోతాడు, దూరాల్సిన సందూ మారుతుంది. గార్డ్ నాకు చెప్పడు. చెప్పే టైమ్ ఉండదు. అతను ఏం చెయ్యబోతున్నాడో నాకే తెలిసి ఉండాలి. అంటే నా పని చెయ్యాలంటే ముందున్న ఐదుగురి పనీ నాకు కంఠతా రావాలి. పాస్ ప్లే అయితే ఇంకో తంతు: బ్లిట్జ్ (క్వార్టర్‌బ్యాక్ మీదకి అదనంగా దూసుకొచ్చే డిఫెన్స్ వాళ్లు) ఎటునుంచి వస్తుందో చూడాలి, వస్తే అడ్డుకోవాలి, రాకపోతే నేనే పక్కకి పరిగెత్తి పాస్‌కి సిద్ధంగా ఉండాలి.

పదకొండో తరగతిలో ఒకసారి ఆ మార్పు నేను గమనించలేదు. గట్టిగానే గుద్దాను, కానీ గుద్దాల్సింది వాణ్ణి కాదు. వదిలేసినవాడు మా టెయిల్‌బ్యాక్‌ని, అంటే బంతి మోసే రన్నింగ్ బ్యాక్‌ని, ఛాతీ మీద కొట్టాడు. పడ్డవాడు లేచి నా వైపు చూశాడు, ఏమీ అనలేదు. తిట్టినా బాగుండేది.

శాన్‌ఫ్రాన్సిస్కో 49ఎర్స్ ఫుల్‌బ్యాక్ కైల్ యూస్‌చెక్ హార్వర్డ్‌లో ఎకనామిక్స్ చదివాడు. బుర్ర సంగతి ఎత్తిన ప్రతి నాన్నగారికీ ఈ ఒక్క మాట చెప్తాను. ఆ తర్వాత ఆయన దృష్టి హార్వర్డ్ అడ్మిషన్ మీదకి వెళ్లిపోతుంది, అది వేరే సంగతి.

అపోహ: తలతో కుమ్మడమే ఈ ఆట.

తల పక్కన ఉండాలి, తగిలేది భుజం. కళ్లు పైకి, మెడ నిటారుగా, మన నడుం ఎదుటివాడి నడుం కన్నా కిందికి. ఎవడు కిందున్నాడో వాడిదే గెలుపు. కబడ్డీలో రైడర్‌ని పట్టేవాడు ఎందుకు అంత వంగుతాడో తెలిసినవాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు. తల వంచి హెల్మెట్‌తో గుద్దడాన్ని ఎన్‌ఎఫ్‌ఎల్ (ఇక్కడి ప్రొఫెషనల్ లీగ్) 2018లో ఫౌల్ చేసింది. మా దగ్గర ప్రాక్టీస్‌లో ఎవడైనా తల దించితే ఆ డ్రిల్ అక్కడితో ఆపేస్తాం.

ప్రమాదం లేదని మాత్రం చెప్పను. కంకషన్ (దెబ్బకి మెదడు అదరడం) అయ్యే ఆట ఇది, అందులోనూ ఫుల్‌బ్యాక్‌కి ప్రతి ఆటలో పరిగెత్తుకొచ్చి ఢీకొట్టే దెబ్బలు ఎక్కువ. పిల్లాణ్ణి పంపాలా వద్దా అన్నది మీ నిర్ణయం. భయపడే తల్లి దగ్గర ఆ భయాన్ని తేలిక చేసి మాట్లాడే కోచ్ దగ్గరికి మాత్రం పంపొద్దు.

అపోహ: బంతి ముట్టనివాడికి గుర్తింపు రాదు.

మామూలు జనంలో రాదు, ఒప్పుకుంటాను. ఆటలో ఉన్నవాళ్లలో వస్తుంది. ఫుల్‌బ్యాక్ శామ్ గ్యాష్ 1999 సీజన్‌లో పరుగుకి బంతి ఒక్కసారి కూడా అందుకోకుండానే ప్రో బౌల్‌కి (సీజన్ మేటి ఆటగాళ్ల ఆటకి) ఎంపికయ్యాడు. తర్వాత డిట్రాయిట్‌లో రన్నింగ్ బ్యాక్స్ కోచ్‌గా పనిచేశాడు. లొరెంజో నీల్ 1997 నుంచి 2007 దాకా జట్లు మారుతూ వెళ్లాడు. వరసగా ఆ పదకొండు సీజన్లలోనూ అతను దారి చేసిపెట్టిన రన్నింగ్ బ్యాక్ వెయ్యి యార్డులు దాటాడు. 2006లో లాడేనియన్ టామ్లిన్‌సన్ 31 టచ్‌డౌన్లు (బంతిని ఎదుటి జట్టు చివరి గీత దాటించడం) చేసి ఎంవీపీ, అంటే ఆ సీజన్ అత్యుత్తమ ఆటగాడు, అయ్యాడు కదా, ఆ ఏడాది అతని ముందు పరిగెత్తింది నీలే.

అపోహ: మోటు చేతులు, బంతి పట్టడం రాదు.

49ఎర్స్ ఫుల్‌బ్యాక్ టామ్ రాత్‌మన్, 1989 సీజన్: 73 క్యాచ్‌లు. ఇక చాలు.

అపోహ: బాగా ఆడినవాడు బాగా నేర్పుతాడు.

ఆ రాత్‌మన్ దగ్గరే ఇంకాసేపు ఆగుదాం. నెబ్రాస్కాలో చదివి, 1986 డ్రాఫ్ట్ (కాలేజీ ఆటగాళ్లని జట్లు వంతులవారీగా ఎంచుకోవడం) మూడో రౌండ్‌లో 49ఎర్స్‌కి వచ్చాడు. రెండు సూపర్ బౌల్‌లు (లీగ్ ఫైనల్స్) గెలిచాడు, రెండోదాంట్లో డెన్వర్ మీద రెండు టచ్‌డౌన్లు. 1997లో అదే జట్టులో రన్నింగ్ బ్యాక్స్ కోచ్‌గా చేరాడు. తర్వాత డిట్రాయిట్, ఓక్లాండ్ తిరిగి 2009లో మళ్లీ శాన్‌ఫ్రాన్సిస్కో. కెరీర్ ముగిసేసరికి సరిగ్గా 16,000 యార్డులు పరిగెత్తిన ఫ్రాంక్ గోర్ ఆరు సీజన్లు అతని దగ్గరే ఉన్నాడు.

నన్ను ఎక్కువ ఆకట్టుకున్నది గోర్ కాదు, బ్రూస్ మిల్లర్. కాలేజీలో డిఫెన్సివ్ ఎండ్, అంటే బంతి మోసేవాణ్ణి పడగొట్టేవాడు. 2011లో ఏడో రౌండ్‌లో 49ఎర్స్ తీసుకుని, రాత్‌మన్ దగ్గర పెట్టి ఫుల్‌బ్యాక్‌గా మార్చారు. నిన్నటిదాకా ఎవణ్ణి వేటాడాడో రేపటినుంచి వాణ్ణే కాపాడాలి. నిలబడే తీరు, మొదటి అడుగు, చూపు అన్నీ మళ్లీ మొదటినుంచి. ఆ ఏడాదే ఆటల్లో దిగాడు. సొంత ప్రతిభతో ఆడేసినవాడు ఇలాంటివి నేర్పలేడు. "నేను ఇలా చేసేవాణ్ణి" అంటాడు, అక్కడితో అయిపోతుంది. ఫుల్‌బ్యాక్ పనిలో ప్రతిభకంటే లెక్క ఎక్కువ. అందుకే ఆ పని చేసినవాడు విడదీసి చెప్పగలడు.

అలాగని ఫుల్‌బ్యాక్ అయిన ప్రతివాడూ గొప్ప కోచ్ అవడు. మారిస్ కార్తన్ న్యూయార్క్ జెయింట్స్‌తో రెండు సూపర్ బౌల్‌లు గెలిచాడు. తన కోచ్ బిల్ పార్సెల్స్ దగ్గరే కోచింగ్‌లో అడుగుపెట్టాడు, డిట్రాయిట్, డాలస్, క్లీవ్‌లాండ్‌లలో అఫెన్సివ్ కోఆర్డినేటర్ (దాడి ప్లేలన్నీ చూసుకునే కోచ్) దాకా ఎదిగాడు. క్లీవ్‌లాండ్ ఉద్యోగం 2006 సీజన్ మధ్యలో వదిలేశాడు. నలుగురు బ్యాక్‌లకి నేర్పడం ఒక పని, పదకొండు మందికీ ప్లే పిలవడం ఇంకో పని.

మరి నా పని ఎలా ఉంటుంది? శనివారం పొద్దున సినిమా. అంటే రాత్రి ఆట వీడియో. మొన్న పదో తరగతి పిల్లాడొకడు బ్లాక్ తప్పాడు, "వాడు చాలా స్పీడ్ సార్" అన్నాడు. వీడియో ఆపాను. బంతి ఇంకా క్వార్టర్‌బ్యాక్ చేతిలోనే ఉంది, వీడి ఎడమ పాదం అప్పటికే పక్కకి పడింది. ఆరంగుళాలు, అంతే. ముందుకి పడాల్సిన అడుగు అది. వెనక్కి తిప్పి మళ్లీ వేశాను. మూడోసారికి వాడే "అబ్బా" అన్నాడు. ఆ "అబ్బా" వాడి నోట్లోంచి వచ్చేదాకా నేను నోరు విప్పను. చెప్తే సోమవారానికి మర్చిపోతారు.

అపోహ: కోచ్‌కి సాయంత్రం రెండు గంటల పనే.

టెక్సస్ ప్రభుత్వ స్కూళ్లలో కోచ్ అంటే మామూలుగా ఆ స్కూల్ డిస్ట్రిక్ట్‌లో ఫుల్‌టైమ్ ఉద్యోగి. నేను పగలు ఆల్జీబ్రా చెప్తాను. సీజన్‌లో ఇంటికెళ్లేసరికి మా పాప నిద్రపోయి ఉంటుంది.

అపోహ: ఫుల్‌బ్యాక్ పొజిషన్ చచ్చిపోయింది.

చాలా ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లు ఇప్పుడు ఫుల్‌బ్యాక్‌ని పెట్టుకోవడం లేదు, టైట్ ఎండ్‌తో (లైన్ చివర నిలబడి అడ్డుకునేవాడు, పాస్‌లూ పట్టేవాడు) నెట్టుకొస్తున్నాయి. అయినా 2017లో యూస్‌చెక్‌కి నాలుగేళ్లకి 2.1 కోట్ల డాలర్ల కాంట్రాక్ట్ వచ్చింది. అదే ఏడాది ఏ జట్టూ డ్రాఫ్ట్ చెయ్యని ప్యాట్రిక్ రికార్డ్ (Ricard) అనే ఆటగాణ్ణి బాల్టిమోర్ తీసుకుంది. మూడు వందల పౌండ్ల మనిషి, కాలేజీలో డిఫెన్స్ ఆడినవాడు, అతన్నీ ఫుల్‌బ్యాక్ చేశారు.

చివరిగా, పోయిన వారం ఒకాయన అడిగింది: "మావాడు 62 కిలోలు, ఫుల్‌బ్యాక్ అవుతాడా అండీ?" ఈ ఏడాది కాడు. కానీ బరువుకన్నా ముందు నేను చూసేది వేరే ఉంది. మైదానం చివర ఇనప గొట్టాలతో కట్టిన పొట్టి పందిరి లాంటిది ఒకటుంటుంది, షూట్ అంటాం. నడుం పైకి లేస్తే హెల్మెట్ టంగుమని గొట్టానికి తగులుతుంది. ఆగస్టులో పొద్దున్నే ఆరున్నరకి తీసుకురండి, దాని కింద ఎంత వంగి పరిగెత్తగలడో చూద్దాం. పెద్ద నీళ్ల బాటిల్ తెచ్చుకోమనండి.