పార్కులో రాయిని ఓసారి తట్టి చూడండి: అపోహలు – వాస్తవాలు

మాది శ్రీకాకుళం పక్కన పల్లెటూరు. ఇరవై రెండేళ్లుగా నా పని ఫైబర్ బొమ్మలు, సిమెంటు రాళ్లు, సిమెంటు చెట్లు చేయడం. ఎగ్జిబిషన్ గేట్లతో మొదలుపెట్టాను. తర్వాత రిసార్టుల్లో కొండలు, వాటర్ పార్కుల్లో జలపాతాలు, పిల్లల పార్కుల్లో గుహలు చేశాను. కిందటి నెల విజయనగరం నుంచి మా చెల్లెలి కూతురు ఫోన్ చేసింది. "మావయ్యా, మా కాలేజీ వాళ్లం పార్కుకి వెళ్తున్నాం. ఎవరూ చూడనివి ఏవైనా ఉంటే చెప్పవా, రీల్ చేసుకుంటాను" అంది. చెప్పడం మొదలుపెడితే గంట పట్టింది. అందులో సగం సేపు అది ఎక్కడెక్కడో విన్న కబుర్లు సరిదిద్దడానికే పోయింది. ఆ కబుర్లే ఇవి.

అపోహ: దాచిన వివరాలంటే డిజైనర్లు సరదాకి పెట్టేవి.

సరదాకి పెట్టేవీ ఉంటాయి. అమెరికాలో డిస్నీ పార్కుల్లో మూడు గుండ్రాలు కలిపిన మిక్కీ తల ఆకారాన్ని గోడల్లో, తివాచీల్లో, ఇనుప ఊచల్లో దాస్తారు. కట్టేవాళ్ల చిలిపితనంగా మొదలైన ఆ ఆటని ఇప్పుడు జనం పని గట్టుకుని వెతుక్కుంటున్నారు. అక్కడ గేటు దాటగానే వచ్చే మెయిన్ స్ట్రీట్ అనే వీధిలో మేడ కిటికీల మీద దుకాణం బోర్డుల్లా కనిపించే పేర్లలో చాలావి ఆ పార్కు కట్టినవాళ్లవే.

కానీ పార్కులో దాగి ఉన్నదాంట్లో ఎక్కువ భాగం ఏదో ఒక ఇబ్బందిని కప్పిపెట్టడానికి చేసిన పని. పైపు, అతుకు, స్పీకరు, కరెంటు పెట్టె, ఒక్కోసారి మా తప్పు. ఈ సంగతి తెలిస్తే ఎక్కడ చూడాలో తెలిసిపోతుంది.

ఫైబర్ బొమ్మనే తీసుకోండి. ముందు మట్టితో బొమ్మ చేసి, దాని మీద అచ్చు తీస్తాం. అచ్చు లోపల మైనం పూసి, గాజు పీచు చాప పరిచి, గట్టిపడే మందు (హార్డెనర్) కలిపిన రెజిన్ అనే జిగురు పోసి బ్రష్‌తో అదుముతాం. బొమ్మ ఒక్క ముక్కగా అచ్చులోంచి రాదు. ముందు సగం, వెనక సగం విడిగా తీసి అతికిస్తాం. కాబట్టి ప్రతి ఫైబర్ బొమ్మకీ ఒక అతుకు గీత ఉండి తీరాలి. దాన్ని ఎక్కడ మాయం చేశాడన్నదే పనివాడి తెలివి. సింహమైతే జూలులో, రాజు బొమ్మైతే అంగవస్త్రం మడతలో, ఏనుగైతే చెవి వెనక. ఈసారి ఏనుగు పక్కన నిలబడి సెల్ఫీ తీసుకునే ముందు చెవి వెనక్కి ఒక చూపు వేయండి. అక్కడ గీత కనిపించకపోతే ఆ చేసినవాడికి మనసులోనే దండం పెట్టండి. ఆ పని నాకు పదేళ్లకి గానీ పట్టుబడలేదు.

అపోహ: ఆ రాళ్లన్నీ ఒకేలా ఉంటాయి, అందులో చూడ్డానికి ఏముంది?

నా పని ఇదే కాబట్టి దీని గురించి కాస్త ఎక్కువ చెబుతాను.

ఇనుప చువ్వలు వంచి కొండ ఆకారం కడతాం. దాని మీద కోళ్ల మెష్ చుట్టి సిమెంటు మాలు కొడతాం. మొదటి కోటు గట్టిదనానికి, రెండోది చెక్కుడికి. రెండో కోటు పచ్చిగానూ ఉండకూడదు, బిగిసీ పోకూడదు. ఎండాకాలంలో ఆ సమయం ఎంత తక్కువంటే, టీ తాగొచ్చేసరికి రాయి మన మాట వినడం మానేస్తుంది. తాపీ, చాకు, పాత పెయింట్ బ్రష్, నలిపిన పాలిథిన్ కాగితం, ఇవే మా పనిముట్లు. పెద్ద పనుల్లో అసలు రాయి మీద తీసిన రబ్బరు అచ్చుని పచ్చి సిమెంటు మీద అద్దుతారు.

ఇక్కడే పట్టుకోవాల్సిన సంగతి ఉంది. రబ్బరు అచ్చు ఒకటో రెండో ఉంటాయి, కొండ మాత్రం వంద అడుగులు ఉంటుంది. కాబట్టి అదే పగులు, అదే గుంట మళ్లీ మళ్లీ వస్తాయి. తిప్పి అద్దుతారు గానీ, శ్రద్ధగా చూస్తే దొరికిపోతుంది. క్యూలో నలభై నిమిషాలు నిలబడేటప్పుడు పిల్లలకి ఈ ఆట అప్పజెప్పండి. "ఈ పగులు ఇంకెక్కడుందో చెప్పు" అంటే చాలు, క్యూ గురించి ఏడవరు.

కొండ మీద పైనుంచి కిందికి సాగిన ఒక పగులు మిగతావాటికన్నా లోతుగా కనిపిస్తే అది ఊరికే చెక్కినది కాకపోవచ్చు. ఎండకి సిమెంటు సాగుతుంది, చలికి ముడుచుకుంటుంది. ఆ కదలికకి మేం వదిలిన ఖాళీ అది. వదలకపోతే రాయి తనకిష్టమైన చోట పగులుతుంది. రంగుల్లోనూ కిటుకు ఉంది. ముందు ముదురు రంగు నీళ్లలా పోసి, తడిగుడ్డతో పైపైన తుడిచేస్తాం. గుంటల్లో నలుపు మిగిలి వెయ్యేళ్ల రాయిలా కనబడుతుంది. సముద్రం దగ్గరి పార్కుల్లో ఎర్రటి చారలు కనిపిస్తే మాత్రం అది మా కళ అనుకోకండి. ఉప్పుగాలికి లోపలి చువ్వ తుప్పు పట్టింది.

మా పని లోపల ఏముంటుందో ఊరందరికీ చూపించింది తిత్లీ తుఫాను. 2018 అక్టోబరులో పలాస వైపు తీరం దాటింది కదా. అటువైపు ఒక తోటలో మేం కట్టిన మర్రిచెట్టు పడిపోయింది. కొబ్బరిచెట్లే లేవలేకపోయాయి, మాదెంత. పిల్లలొచ్చి విరిగిన కొమ్మలోకి తొంగిచూసి "ఇందులో అంతా కోళ్ల మెష్షే ఉంది" అని నవ్వారు. ఆ యజమానికి చెల్లించాల్సినది చెల్లించి మళ్లీ కట్టి ఇచ్చాను. ఈసారి ఊడలకి ఊడలు కలిపి వాటినే స్తంభాలుగా చేశాను.

అపోహ: ఎత్తుగా కనిపించే కోట నిజంగా అంత ఎత్తు.

కాలిఫోర్నియాలో 1955 జులై 17న తెరిచిన మొదటి డిస్నీలాండ్ కోట ఎత్తు 77 అడుగులే. ఫోటోలో చూస్తే అలా అనిపించదు. పైకి వెళ్లేకొద్దీ రాళ్ల సైజు చిన్నదవుతుంది. దూరంగా ఉన్నవి చిన్నగా కనిపించడం కంటికి అలవాటు కాబట్టి, చిన్న రాయి కనిపిస్తే "ఓహో, చాలా పైన ఉంది" అనుకుంటుంది. ఇది మనకి కొత్తా? గుడి గోపురంలో పై అంతస్తులు కురచవుతూ పోవడం చిన్నప్పట్నుంచీ చూస్తున్నదే.

మన పార్కుల్లోనూ కోటల కిటికీలు గమనించండి. పై వరస కిటికీలోంచి మనిషి తల కూడా పట్టదు.

అపోహ: ఇలాంటి పనితనం ఫారిన్‌లోనే, మన దగ్గర ఏమీ ఉండదు.

1996లో మొదలైన రామోజీ ఫిల్మ్ సిటీకి మన వైపు నుంచి ఎన్ని బస్సులు వెళ్లాయో లెక్క లేదు. చాలామంది బస్సు కిటికీలోంచి సెట్లు చూసి వచ్చేస్తారు. అక్కడ ఒకే భవనానికి ఒక్కో వైపు ఒక్కో ముఖం ఉంటుంది. దిగినప్పుడు మూల దగ్గర నిలబడి, రెండు ముఖాలు కలిసే అంచుని చూడండి. ఒక ఊరు ఎక్కడ ఆగి ఇంకో ఊరు ఎక్కడ మొదలైందో అక్కడ తెలుస్తుంది.

అంతదూరం ఎందుకు, మా శ్రీకాకుళం దగ్గరి శ్రీకూర్మం గుడికి వెళ్లండి. పడమటి ముఖంగా ఉన్న దేవుడు, రెండు ధ్వజస్తంభాలు, ఇవి అందరూ చెబుతారు. దర్శనం చేసుకుని, నక్షత్ర తాబేళ్లకి ఆకుకూర పెట్టి బయటికొచ్చేస్తారు. ప్రాకారం గోడల మీది పాత రంగుల బొమ్మల దగ్గర మాత్రం ఎప్పుడు వెళ్లినా ఇద్దరు ముగ్గురికి మించి ఉండరు. స్తంభాల దగ్గర ఒక్కోదాని మీద చెక్కుడు ఒక్కో తీరుగా ఉంటుంది. రాయిని చూసి సిమెంటు పని నేర్చుకోవడానికి నేను కూర్చున్న మొదటి బడి అదే. థీమ్ పార్కుని గుడితో పోలుస్తానా అని కొందరికి కోపం రావచ్చు. నేను పోల్చేది జనం నడకని, దేవుణ్ణి కాదు.

అపోహ: ప్రశాంతంగా ఉండే చోటు పార్కు చివర్లో ఉంటుంది.

చివరికి వెళ్తే అక్కడ పెద్ద రైడ్ ఉంటుంది. జనాన్ని లోపలికి లాగడానికి ఎత్తయినదాన్ని దూరంగా, గేటు దగ్గరికే కనబడేలా పెడతారు. అందరూ అటే నడుస్తారు. ఆ నడక దారికి పక్కన, రెండు రైడ్‌ల మధ్య, దారి సన్నబడి వంపు తిరిగిన చోట చూడండి. ముందర ఏముందో కనబడకపోతే చాలామంది అటు తిరగరు. జలపాతం ముందు అందరూ ఫోటోలు దిగుతారు. దాని పక్కనుంచి వెనక్కి మామూలు దారి ఉంటే, ఆ వైపు బెంచీ ఖాళీగా ఉంటుంది.

అపోహ: చెట్లు ఉన్న చోట శబ్దం రాదు.

ఒక వరస చెట్లకి శబ్దం ఆగదు. చెట్లు స్పీకరుని కంటికి కనబడకుండా చేస్తాయి గానీ చెవికి వినబడకుండా చేయలేవు. శబ్దాన్ని ఆపేది మట్టి దిబ్బ, గోడ, మా సిమెంటు కొండ. డిస్నీలాండ్ చుట్టూ ఎత్తుగా మట్టికట్ట వేశారు, బయటి ఊరు లోపలికి కనబడకుండా. మీకూ శబ్దాన్ని పుట్టించే చోటుకీ మధ్య గట్టిది ఏదైనా అడ్డం ఉండి, పక్కన నీళ్లు పడుతుంటే ఇంకా మంచిది. నీటి చప్పుడు మిగతా గోలని మింగేస్తుంది. చంటిపిల్లని నిద్రపుచ్చాలన్నా, గోల పడని పెద్దవాళ్లని కాసేపు కూర్చోబెట్టాలన్నా అలాంటి చోటే వెతకండి. కూర్చునే ముందు రాయిని తట్టండి. డొల్లగా మోగితే ఫైబర్. లోపల స్పీకరు ఉందేమో చూసుకోండి, సరిగ్గా పాప నిద్రపోయాక మోగడం మొదలవుతుంది.

అపోహ: మామూలు రోజు వెళ్తే ఖాళీ.

నవంబరు నుంచి సంక్రాంతి సెలవుల ముందు దాకా మామూలు రోజుల్లోనే స్కూలు బస్సులు దిగుతాయి. 2024 మేలో భువనేశ్వర్ దగ్గర వండర్‌లా పార్కు తెరిచాక మన జిల్లావాళ్లకి ఆమదాలవలసలో రైలెక్కి వెళ్లడం తేలికైంది. ఏ పార్కుకి వెళ్లినా రోజుకన్నా గంట చూసుకోండి. వేసవిలో భోజనం అయ్యాక అందరూ నీళ్లలో ఉంటారు, పొడి రైడ్‌ల వైపు దారులు ఖాళీ. మధ్యాహ్నం ఒంటిగంటకి తిండి దగ్గర తోపులాట, మిగతాచోట గాలి ఆడుతుంది. పదకొండున్నరకే తినేయండి. మావాళ్లెవరూ వినరు, "అప్పుడే ఆకలేటి" అంటారు.

అపోహ: తలుపు తెరిచి ఉంటే లోపలికి వెళ్లి చూడొచ్చు.

వెళ్లకూడదు. కొండ వెనక చిన్న తలుపు ఉంటుంది, ఆకుపచ్చా కాని బూడిదా కాని రంగు వేసి. డిస్నీవాళ్ల దగ్గర అలాంటి రంగుకి పేరే ఉంది, గో అవే గ్రీన్. చూపు దాని మీద ఆగకుండా జారిపోవాలని వేస్తారు. ఆ తలుపుని కనిపెట్టడం వరకే మీ ఆట. లోపల నీటి మోటార్లు, కరెంటు ప్యానెళ్లు, కొన్నిచోట్ల రైడ్ తిరిగే మేర. రీల్ కోసం ప్రాణం మీదికి తెచ్చుకోకండి.

అపోహ: పనివాళ్లు తమ గుర్తు ఎక్కడా పెట్టరు.

పెడతాం. నేను చేసిన ప్రతి కొండలో అగ్గిపెట్టె సైజు తాబేలు ఒకటి ఉంటుంది, పిల్లల కంటి ఎత్తులో. శ్రీకూర్మం పక్కవాణ్ణి కదా. ఒకచోట కాంట్రాక్టు కంపెనీ ఇంజనీరు తనిఖీకి వచ్చి, దాన్ని చూసి, "ఇక్కడ ఫినిషింగ్ సరిగ్గా లేదు, బొడిపె వచ్చింది" అని రాశాడు. అది తాబేలని చెబితే బిల్లు ఆగుతుంది. చెప్పకుండా నా చేత్తోనే గ్రైండరు పెట్టి చదును చేశాను. ఇప్పటికీ ఆ చోట రంగు కొంచెం తేడాగా ఉంటుంది.

మా మేనకోడలికి తాబేలు సంగతి చెప్పి పంపాను. అది తాబేలుని పట్టుకోలేకపోయింది. దానికి బదులు కొండ చూరు కింద, వంగితే గానీ కనబడని చోట, తాపీ గీతలు ఫోటో తీసి పంపింది. చూరు కింద ఎవరూ చూడరని అక్కడ చెక్కుడు వదిలేస్తాం. గీతలన్నీ అడ్డదిడ్డంగా కాకుండా ఒకే వైపుకి వాలి ఉన్నాయి, నేను గీసే దిక్కుకి ఎదురు దిక్కుకి. అది ఎడమచేతి వాటం. మా బ్యాచ్‌లో ఆ వాటం ఉన్న కుర్రాడు ఒక్కడే ఉండేవాడు. ఇప్పుడు చెన్నైలో అపార్టుమెంట్లకి ప్లాస్టరింగ్ చేస్తున్నాడు. ఫోటో వాడికి పంపాను. అయిదు నిమిషాల్లో ఫోన్ వచ్చింది.

"ఏటి మేస్త్రీ, పని బాగా రానేదా?"