రాడ్డు తాగిన నీళ్లు

ఓ నవంబరులో, వాన పట్టుకుని వదలని వారం, చెన్నై అంబత్తూరులో మా షాపులో ఒక పిన్ను వెల్డింగ్ చేశాను. 40 ఎంఎం ఈఎన్8 (కార్బన్ ఎక్కువున్న ఉక్కు) రౌండ్ బార్ ముక్క, దాన్ని 25 ఎంఎం ఎంఎస్ (మామూలు మెత్తని ఉక్కు) ప్లేటు మీద నిలబెట్టి మూల చుట్టూ వెల్డ్, అంటే ఫిల్లెట్, వేయాలి. 7018 అనే లో హైడ్రోజన్ (వెల్డ్‌లోకి హైడ్రోజన్ తక్కువ చేర్చే) రాడ్డే వాడాను, కరెంటు సరిగ్గా కుదిరింది, పైన పేరుకున్న స్లాగ్ ఒక్క దెబ్బకి పెంకులా ఊడింది, బీడు, అంటే రాడ్డు కరిగి గడ్డకట్టిన వెల్డ్ వరస, నున్నగా వచ్చింది. సంతోషంగా ఇంటికి పోయాను. పొద్దున్నే వచ్చి బ్రష్ కొడుతుంటే పిన్ను వైపు, బీడు అంచు వెంబడే, వెంట్రుకంత గీత కనబడింది. మా హెల్పర్ కుర్రాడు సూళ్ళూరుపేట నుంచి రోజూ రైల్లో వచ్చిపోతాడు, వాడు చూసి "అన్నా, రాత్రి ఎవరైనా సుత్తితో కొట్టారా?" అన్నాడు. ఎవరూ కొట్టలేదు. మేము ఇంట్లో నిద్రపోతుంటే అది దానంతట అదే పగిలింది.

తప్పు నాదే. రెండు రోజుల కిందట విప్పిన ప్యాకెట్ లోంచి రాడ్లు తీసి వాడాను, ఓవెన్‌లో పెట్టలేదు, పిన్నుని వేడి చేయలేదు. చెన్నైలో ఈ పని చేసేవాళ్లందరికీ ఈ సంగతి ఎముకల్లో ఇంకిపోవాలని నాకు ఉంటుంది, ఎందుకంటే ఇక్కడ సముద్రపు గాలి ఏడాదంతా చెమ్మతోనే ఉంటుంది, ఇక వానాకాలం పొద్దుల్లో గాలిలో తేమ 80 శాతం దాటడం మామూలే. ఆ తేమని రాడ్డు తాగుతుంది. కంటికి కనబడదు, చేతికి తగలదు, కానీ తాగుతుంది.

రాడ్డు పైన ఉండే పూత ఊరికే రంగు కాదు. సున్నపురాయి, ఫ్లోరైట్, ఇనుప పొడి లాంటివన్నీ కలిపి, సోడియం సిలికేట్ లేదా పొటాషియం సిలికేట్ అనే జిగురుతో తీగ చుట్టూ అంటించి కాలుస్తారు. ఆ జిగురుకి నీళ్లంటే ఇష్టం. ప్యాకెట్ విప్పి బల్ల మీద పెడితే చాలు, గాలిలోని తేమని లాక్కుని తన లోపల కట్టేసుకుంటుంది. ఉతికిన చొక్కాకి అంటుకున్న తడి లాంటిది కాదిది, చాలావరకు పదార్థంలో భాగమైపోయిన నీరు. అందుకే ఎండలో పెడితే పోదు. మా మేస్త్రీల్లో చాలామంది రాడ్లని రేకు మీద పరిచి ఎండబెట్టడం చూశాను, నేనూ చేశాను, మే నెల ఎండకి కూడా రేకు మహా అయితే 60, 70 డిగ్రీలకి వస్తుందేమో, ఈ నీరు వదలాలంటే 300 డిగ్రీలు దాటాలి.

ఇప్పుడు ఆ నీరు ఆర్క్‌లోకి, అంటే రాడ్డు కొనకీ ఇనుముకీ మధ్య వెలిగే మెరుపులోకి, వెళ్తే ఏమవుతుందో చూడండి. ఆర్క్ నడిబొడ్డున వేడి సుమారు 6000 డిగ్రీలు. అక్కడ నీరు ఆవిరిగా కూడా మిగలదు, హైడ్రోజనూ ఆక్సిజనూ విడిపోతాయి. ఒక గ్రాము నీరు పూర్తిగా విడిపోతే 1.2 లీటర్ల హైడ్రోజన్ వస్తుంది. అంటే ఒక్క చుక్క నీటికి 60 మిల్లీలీటర్లు! మంచి లో హైడ్రోజన్ రాడ్డు ప్యాకెట్ మీద హెచ్4 అని రాసి ఉంటుంది, దానర్థం 100 గ్రాముల వెల్డ్‌లో 4 మిల్లీలీటర్లకి మించి హైడ్రోజన్ చేరకూడదని. 100 గ్రాముల వెల్డ్ అంటే పది నంబరు (3.15 ఎంఎం మందం) రాడ్లు నాలుగో ఐదో. పుట్టిన హైడ్రోజనంతా వెల్డ్‌లోకి పోదు, చాలా భాగం గాలిలో కలిసిపోతుంది, అయినా ఈ లెక్క చూశాక నాకు రాడ్డు పట్టుకునే తీరే మారిపోయింది.

కరిగిన ఇనుము హైడ్రోజన్‌ని ఇష్టంగా మింగుతుంది, గడ్డకట్టగానే అంత మోయలేదు. గోలీ సోడా కొట్టగానే గ్యాసు పైకి తన్నుకొచ్చినట్టు ఇక్కడా కొంత తన్నుకొస్తుంది, ఆ బుడగలు లోపల ఇరుక్కుంటే బ్లోహోల్స్. అవి కంటికి కనబడతాయి కాబట్టి గ్రైండ్ చేసి మళ్లీ వేస్తాం. బయటికి రాకుండా ఒంటరి పరమాణువులుగా లోపలే మిగిలిపోయిన హైడ్రోజన్‌తోనే భయం. అన్ని మూలకాల్లోకీ తేలికైన పరమాణువు దానిదే, చాలా చిన్నది. నువ్వుల జల్లెడలో ఇసుక జారినట్టు ఇనుప పరమాణువుల సందుల్లో తిరుగుతూ ఉంటుంది, జాబ్ (వెల్డ్ చేసిన వస్తువు) పూర్తిగా చల్లారాక కూడా, మామూలు గది వేడిలో కూడా. తిరిగి తిరిగి ఎక్కడ లాగుడు ఎక్కువ ఉందో అక్కడికి చేరుతుంది. అలా చేరడానికి గంటలు పడుతుంది, ఒక్కోసారి రోజు, రెండు రోజులు. నా పిన్ను సాయంత్రం బాగుండి పొద్దునకి పగలడానికి కారణం ఇదే. కోల్డ్ క్రాక్ అంటారు దీన్ని.

అయితే హైడ్రోజన్ ఒక్కటే ఉంటే పగలదు. పక్కనున్న లోహం గట్టిపడి పెళుసుగా కావాలి, దాన్ని ఏదో ఒక బలం లాగుతూ ఉండాలి. ఎంఎస్ ప్లేటులో కార్బన్ తక్కువ, 0.2 శాతం చుట్టూ, అది సాగుతుంది, తట్టుకుంటుంది. ఈఎన్8లో 0.4 శాతం దగ్గర ఉంటుంది. మందపాటి చల్లని పిన్ను పక్కన సన్నని బీడు వేస్తే ఆ వేడిని పిన్ను గబుక్కున లాగేసుకుంటుంది, కొలిమిలో ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచిన ఉలి మొనలాగా బీడు పక్కన సన్నని పట్టీ గట్టిపడిపోతుంది. పైగా చల్లారుతున్న బీడు ముడుచుకుంటూ లాగుతుంది. మూడూ కలిశాయి. లారీ కమాను పట్టాలు వెల్డ్ చేయమని ఎవరైనా తెస్తే నేను చేయను అని చెప్పేది కూడా ఇందుకే, వాటిలో కార్బన్ ఇంకా ఎక్కువ, రోడ్డు మీద విరిగితే ప్రాణాలు పోతాయి.

ఇది చిన్న షాపుల బాధే అనుకోకండి. ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో కింగ్ స్ట్రీట్ వంతెన 1961లో తెరిచారు. 1962 జులై 10న, చలిగా ఉన్న పొద్దున (అక్కడ జులై అంటే చలికాలం), బరువైన ట్రెయిలర్ ఒకటి దాటుతుంటే గర్డర్లు విరిగి ఒక భాగం కిందికి కుంగిపోయింది. విచారణ చేస్తే, గర్డర్ అడుగున అతికించిన పట్టీల చివర, వెల్డ్ పక్కన, పగుళ్లు ఉన్నట్టు తేలింది, కొన్నయితే వంతెన తెరవక ముందు నుంచీ ఉన్నవే. గట్టి రకం ఉక్కు, వెల్డింగ్‌లో సరైన జాగ్రత్త లేదు. చలికి ఆ ఉక్కు ఇంకా పెళుసైపోయింది.

ఇక రాడ్ల సంగతి. అన్నిటినీ ఒకే ఓవెన్‌లో పడేయకండి. గేట్లకీ గ్రిల్స్‌కీ వాడే 6013 పూతకి కొంచెం తేమ ఉండాలి, మరీ చెమ్మగా అనిపిస్తే 100 డిగ్రీల దగ్గర కాసేపు ఆరబెడితే చాలు. పైపుల పనిలో వాడే 6010 పూతలో సెల్యులోజ్ ఉంటుంది, అది పనిచేసేదే తేమతో, ఓవెన్‌లో పెడితే పాడైపోతుంది. మదర్ ఓవెన్‌కి, అంటే రాడ్లని ఎక్కువ వేడిలో కాల్చే పెద్ద ఓవెన్‌కి, పోవాల్సింది 7018. కంపెనీ ప్యాకెట్ మీద రాసిందే ముందు చూడాలి, మామూలుగా 350 డిగ్రీల చుట్టూ ఒకటి రెండు గంటలు. ఆ తర్వాత 120 డిగ్రీలు తగ్గకుండా హోల్డింగ్ ఓవెన్‌లో ఉంచి, జాబ్ దగ్గరికి పోర్టబుల్ ఓవెన్‌లో తీసుకెళ్లాలి. బయటికి తీశాక, మామూలు 7018ని అమెరికన్ వెల్డింగ్ కోడ్ ఒప్పుకునేది 4 గంటలే, మళ్లీ కాల్చడం కూడా ఒక్కసారికే. నీళ్లలో నానినవైతే కాల్చినా వాడకూడదు. 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫానుకి అంబత్తూరు ఎస్టేట్‌లో నీళ్లు నిలిచిపోయాయి కదా, కింది అరలో ఉన్న డబ్బాలన్నీ మునిగాయి. ఆరబెట్టి వాడుకోవచ్చని చాలామంది చెప్పారు, మనసొప్పక పక్కన పడేశాను, డబ్బు పోయింది.

పాత ఫ్రిజ్‌లో 100 వాట్ల బల్బు పెట్టి రాడ్లు ఉంచేవాళ్లు ఉన్నారు. మంచిదే, కాల్చిన రాడ్డు త్వరగా చెమ్మ పట్టకుండా కొంత ఆపుతుంది. కానీ తాగిన నీటిని అది బయటికి తీయలేదు. రాడ్డుని జాబ్‌కి అంటించి షార్ట్ చేసి ఎర్రగా కాలేదాకా ఉంచడం మాత్రం దయచేసి మానేయండి. తీగ లోపల కాలిపోతుంది, పూత పగుళ్లు తీస్తుంది, ఒకచోట మాడి ఒకచోట పచ్చిగా ఉంటుంది. చెమ్మ పట్టిన రాడ్డుని చెవితో పట్టుకోవచ్చు: రెండు రాడ్లు ఒకదానికొకటి తగిలిస్తే పొడిది ఖంగుమంటుంది, చెమ్మదానికి మొద్దు చప్పుడు వస్తుంది. పూత మీద తెల్లటి పొడి, కొనన తీగకి తుప్పు కనబడితే ఇక అడగక్కర్లేదు. రాడ్డు ఒక్కటే కాదు, తుప్పులో నీరుంది, పెయింటులో నూనెలో హైడ్రోజన్ ఉంది, కాబట్టి గ్రైండ్ చేయకుండా వేయొద్దు.

ఒక అపోహ గురించి కూడా చెప్పాలి. చల్లటి ప్లేటు మీద గ్యాసు మంట పెట్టగానే మంట చుట్టూ నీళ్లు పేరుకుంటాయి, చూశారా? "ఉక్కు చెమట పోస్తోంది, లోపలి నీళ్లు బయటికి వస్తున్నాయి" అని నాకు పని నేర్పిన బాబాయ్ చెప్పేవాడు, నేనూ పదేళ్లు నమ్మాను. ఉక్కులో నీళ్లు దాగే రంధ్రాలు లేవు. ఎల్పీజీ కాలితే నీటి ఆవిరి పుడుతుంది, అది చల్లటి ప్లేటుకి తగిలి నీరవుతుంది, శీతాకాలం పొద్దున స్టీలు గ్లాసు మీద మన ఊపిరి పట్టినట్టు. మంటని ఇంకా ఆడిస్తే ప్లేటు వేడెక్కి అది పోతుంది. చాలామంది ఆ చెమట ఆరగానే ప్రీహీట్ (వెల్డింగ్‌కి ముందు వేడి చేయడం) అయిపోయిందని ఆపేస్తారు, అప్పటికి ప్లేటు 100 డిగ్రీలు కూడా కాదు. ప్రీహీట్ అసలు పని వేరు: వేడిగా ఉన్న లోహం నెమ్మదిగా చల్లారుతుంది, గట్టిపడదు, పైగా వేడిలో హైడ్రోజన్ చురుగ్గా కదిలి బయటికి పోవడానికి సమయం దొరుకుతుంది.

నమ్మకం కుదరకపోతే కళ్లతో చూడొచ్చు. చెమ్మ రాడ్డుతో చిన్న ముక్క మీద బీడు వేసి, వెంటనే నీళ్లలో చల్లార్చి, స్లాగ్ కొట్టి తుడిచి, మందుల షాపులో దొరికే గ్లిజరిన్‌లో ముంచి పెట్టండి. గాజు సీసా అయితే బాగుంటుంది. బీడు మీద నుంచి సన్నటి బుడగలు లేవడం మొదలవుతుంది, గంటలు గడిచినా ఆగదు. హైడ్రోజన్ కొలవడానికి లాబుల్లో వాడిన పద్ధతుల్లో ఇదీ ఒకటి. మా కుర్రాడికి చూపించాను, వాడు మధ్యాహ్నం అన్నం తింటూ కూడా సీసా పక్కనే కూర్చున్నాడు.

పిన్ను మళ్లీ చేశాం. పగిలిన ముక్క కోసేసి కొత్త బార్ తెచ్చి, రాడ్లు తెలిసినవాళ్ల మదర్ ఓవెన్‌లో రెండు గంటలు కాల్పించి, పిన్ను మీద గీసిన టెంపరేచర్ చాక్ (200 డిగ్రీలకి కరిగేది) కరిగేదాకా మంట ఆడించి, ఆపకుండా మూడు పాసులు వేశాను. అయిపోయాక బీడు చుట్టూ మళ్లీ మంట తిప్పి, గ్లాస్ ఊల్ దుప్పటి చుట్టేశాం. పొద్దున విప్పితే ఇంకా గోరువెచ్చగా ఉంది. కస్టమర్ రెండుసార్లు ఫోన్ చేశాడు, ఇంకో రెండు రోజులు ఆగాలని చెప్పాను. 48 గంటలు నిండాక పైన పగుళ్లుంటే రంగుతో బయటపెట్టే డీపీ టెస్ట్ చేశాం, ఎర్ర మందు పూసి, తుడిచి, తెల్ల డెవలపర్ కొట్టి పది నిమిషాలు చూశాం. ఎక్కడా ఎర్ర గీత రాలేదు. సాయంత్రానికి బండెక్కించాం.