కదిలినంత మాత్రాన ప్రాణం ఉన్నట్టేనా? అపోహలు - వాస్తవాలు

కదలిక, పెరుగుదల, శ్వాసక్రియ, ప్రతిస్పందన, ప్రత్యుత్పత్తి... జీవి లక్షణాలు అడిగితే ఎవరైనా గడగడా అప్పజెప్తారు. జాబితాలో తప్పేమీ లేదు. అందులోంచి ఒక్కటి పట్టుకుని తీర్పు చెప్పేస్తేనే చిక్కంతా.

అపోహ: మైక్రోస్కోపు కింద కదిలేవన్నీ జీవులే.

వాస్తవం: నీళ్లలో కలిపిన మెత్తటి బొగ్గు పొడిని 400 రెట్లు పెద్దదిగా చేసి చూడండి, అదీ వణుకుతూనే ఉంటుంది. నీటి అణువులు అన్ని వైపుల నుంచీ గుద్దడం వల్ల వచ్చే బ్రౌనియన్ చలనం అది. 1827లో వృక్షశాస్త్రవేత్త రాబర్ట్ బ్రౌన్ పుప్పొడిలోని రేణువుల వణుకు చూసి ముందు ప్రాణమేమో అనుకున్నాడు. గాజు పొడి, రాతి పొడి వేసి చూస్తే అవీ అలాగే వణికాయి.

ఈదే బ్యాక్టీరియా కాస్త దూరం సాగి మలుపు తిరుగుతుంది, పక్కది అదే క్షణంలో ఇంకో వైపు పోతుంది. అన్నీ కలిసి ఒకే వైపు జారుతున్నాయంటే నమూనా మీద కప్పే పల్చటి గాజు పలక (కవర్ స్లిప్) అంచున నీరు ఆరుతోందన్నమాట. అంచులకు వాజలీన్ పూస్తే ఆ ప్రవాహం ఆగుతుంది. ఒక మెలిక: కశాభాలు (ఈదడానికి వాడే సన్నటి కొరడా లాంటి తోకలు) లేని బ్యాక్టీరియా బతికి ఉన్నా బొగ్గు పొడిలాగే వణుకుతుంది.

అపోహ: పెరిగేది జీవి.

వాస్తవం: పటిక స్ఫటికమూ పెరుగుతుంది, కానీ పైపైన పొరలు పేరుకుని. జీవి ఆహారాన్ని లోపలికి తీసుకుని, మార్చి, తన కణాలుగా కట్టుకుంటుంది.

అపోహ: ఎండిన గింజలో ప్రాణం లేదు.

వాస్తవం: జీవక్రియ బాగా నెమ్మదించింది, అంతే. ఇజ్రాయెల్‌లోని మసాడా కోట తవ్వకాల్లో దొరికిన సుమారు 2000 ఏళ్ల నాటి ఖర్జూర గింజ 2005లో మొలిచింది. గింజ బతికుందో లేదో తేల్చడానికి అంతకాలం ఆగక్కర్లేదు, మొలక వచ్చేదాకా కూడా ఆగక్కర్లేదు.

మొక్కజొన్న గింజల్ని రాత్రంతా నానబెట్టి, పిండం (మొలకగా ఎదిగే భాగం) మధ్యగా నిలువునా చీల్చండి. చీల్చిన ముక్కల్ని 0.1 శాతం టెట్రాజోలియం క్లోరైడ్ ద్రావణంలో ముంచి, 30-35 డిగ్రీల సెల్సియస్ దగ్గర, చీకట్లో రెండు మూడు గంటలు ఉంచండి. బతికున్న కణాల్లోని డీహైడ్రోజినేజ్ ఎంజైములు రంగులేని ఆ రసాయనాన్ని ఎర్రటి ఫార్మజాన్‌గా మారుస్తాయి. పిండం ఎర్రబడుతుంది, పక్కనున్న పిండి భాగం తెల్లగానే మిగులుతుంది. పరీక్ష చెడిందని కంగారు పడొద్దు. ముదిరిన గింజలో ఆ పిండి కణాలు నిజంగానే చనిపోయి ఉంటాయి. బతికున్న గింజలో సగానికి పైగా నిర్జీవమే!

ఎక్కడ తప్పుతుందంటే: వెలుతురు తగిలితే ద్రావణమే ఎరుపెక్కుతుంది. ద్రావణం పీహెచ్ (ఆమ్ల, క్షార స్థాయి) 6.5-7.5 దాటి పక్కకు పోతే బతికున్న పిండమూ సరిగా రంగు పట్టదు. కుళ్లిన గింజ మీది బూజు కూడా ఎర్రబడుతుంది. అందుకే పది నిమిషాలు ఉడకబెట్టి చంపిన గింజలు కొన్ని పక్కన పెట్టి పోల్చుకోవాలి. ఈ పోలిక లేని ఫలితాన్ని మాత్రం నమ్మకండి.

అపోహ: రంగు పట్టిన కణమే బతికున్నది.

వాస్తవం: ఈస్ట్‌కు మిథిలీన్ బ్లూ వేస్తే సంగతి తలకిందులు. బతికున్న కణం ఆ రంగును రంగులేని రూపంలోకి మార్చేసి తేటగా ఉంటుంది, చచ్చినది నీలంగా మారుతుంది. 0.01 శాతం ద్రావణాన్ని ఈస్ట్ కలిపిన నీటితో సమపాళ్లలో కలిపి, పది నిమిషాల్లోపే లెక్కపెట్టాలి. ఆలస్యమైతే ఆ రంగు విషమై బతికున్నవాటినీ చంపుతుంది, లెక్క తప్పుతుంది.

అపోహ: పిల్లలు పుట్టకపోతే జీవి కాదు.

వాస్తవం: కంచరగాడిద సాధారణంగా పిల్లల్ని కనదు. దాని కణాలు మాత్రం రోజూ విభజన చెందుతూనే ఉంటాయి.

అపోహ: వైరస్ అతి చిన్న జీవి.

వాస్తవం: 1935లో అమెరికన్ రసాయన శాస్త్రవేత్త వెండెల్ స్టాన్లీ పొగాకు మొజాయిక్ వైరస్‌ను స్ఫటికాలుగా తీశాడు. ఆకుకు పూస్తే అవి మళ్లీ తెగులు పుట్టించాయి. కణం బయట వైరస్‌కు జీవక్రియ లేదు, కణం లోపల ఆ కణం యంత్రాంగంతోనే నకళ్లు తీయించుకుంటుంది. ఏ గడిలో వేయాలన్నది నేటికీ వాదనే. టీకాల విషయంలో ‘చంపిన’ వైరస్ అనే కంటే ‘నిష్క్రియం చేసిన’ వైరస్ అనడమే సరైన మాటగా చెల్లుతున్నది అందుకే.