రేకుల షెడ్డు, గాలిదుమారం: అపోహలు - వాస్తవాలు

కల్వకుర్తి చుట్టుపక్కల రేకుల ఇళ్లు, కోళ్ల షెడ్లు వేసే పని నాది. ఏప్రిల్, మే నెలల్లో గాలివాన వచ్చిపోయిన మర్నాడు ఫోన్లు ఆగవు. ఎగిరిన రేకులు మళ్లీ వేసుకోవచ్చు. కానీ ఆ ఫోన్లలో వినిపించే కొన్ని నమ్మకాలు ప్రాణాల మీదికి తెచ్చేవి.

"తుఫాన్లు కోస్తాకు వస్తాయి, మనకెందుకు టెన్షన్?"

మనల్ని కొట్టేది వేసవి మబ్బు. పొద్దంతా ఎండ మండి సాయంత్రం పూట నల్లమబ్బు కమ్ముతుంది. ఆ మబ్బులోంచి పడే వానకు గాలి చల్లబడి, బరువెక్కి, ఒక్కసారిగా కిందికి దిగి నేల మీద నలువైపులా పరుచుకుంటుంది. ముందు దుమ్ము లేస్తుంది, ఒంటికి చల్లగా తగులుతుంది. హాయిగా ఉందని అప్పుడే మంచం బయట వేసుకునేవాళ్లున్నారు. నిజానికి లోపలికి పోవాల్సిన టైమ్ అది. రాబోయే మూడు గంటలకు వాతావరణ శాఖ జిల్లాలవారీగా ఇచ్చే హెచ్చరికలు ఇప్పుడు ఫోన్లోనే దొరుకుతాయి. పిడుగుల కోసం దామిని యాప్ కూడా ఉంది.

"పైన నాలుగు బండలు పెడితే ఐపోతది గదా అన్నా."

నేను ఎక్కువగా వినేది ఈ మాటే. గాలి కప్పు మీదుగా వేగంగా పోతూ రేకును పైకి లాగుతుంది. పది అడుగుల పొడవు, మూడున్నర అడుగుల వెడల్పున్న ఇనుప రేకు బరువు 15 కిలోలు కూడా ఉండదు. గంటకు 80 కిలోమీటర్ల గాలికి ఆ ఒక్క రేకు మీద పడే లాగుడు సుమారు 100 కిలోలు. గాలి వేగం రెట్టింపైతే లాగుడు నాలుగు రెట్లవుతుంది. చూరు దగ్గర, మూలల్లో ఇంకా ఎక్కువ. కట్టడాలకు గాలిలెక్కలు చెప్పే భారత ప్రమాణం ఐఎస్ 875లో హైదరాబాద్‌కు పెట్టిన గాలి వేగం సెకనుకు 44 మీటర్లు, అంటే గంటకు దాదాపు 158 కిలోమీటర్లు. దీనికి ఎన్ని బండలు పెడతారు? పైగా గాలికి రేకు అదురుతుంటే బండ ఒకచోట ఉండదు, జరుగుతుంది. రేకు లేచిందంటే ఆ బండ పడేది కింద మంచం మీద. ఇసుక బస్తాలదీ అదే కథ.

రేకును ఆపేది బిగింపు. రేకు దాని కిందున్న ఇనుప పైపుకు, పైపు గోడకో స్తంభానికో, అది పునాదికి బిగిసి ఉండాలి. ఇందులో ఏ ఒక్కటి వదులైనా మిగతావి దండగ. స్క్రూలన్నీ గట్టిగా ఉండి, పైపులు మాత్రం గోడ మీద కాస్త సిమెంటు పూసి ఊరికే కూర్చోబెట్టిన ఇళ్లు ఎన్నో. అక్కడ రేకులు ఊడవు, పైపులతో సహా కప్పు మొత్తం లేస్తుంది. కొత్తగా కడుతుంటే పైపును పట్టుకునే ఇనుప కమ్మీని గోడలో కొన్ని వరుసల కిందినుంచే కట్టించండి. పాత ఇల్లయితే చూరు పొడవునా రేకుల మీద ఇనుప పట్టీ వేసి పైపుకు బోల్టులు బిగించండి. అంచుల్లో, మూలల్లో స్క్రూలు దగ్గరదగ్గరగా ఉండాలి.

ఉగాది లోపే ఒకసారి నిచ్చెన వేసి చూడండి. వాషర్ ఎండి పగిలిందా, స్క్రూ చుట్టూ తుప్పు వలయంలా ఉందా, రంధ్రం సాగి కోలగా అయిందా? మామూలు గాలికే రేకు టకటకమంటుంటే ఆ రంధ్రం రోజూ పెద్దదవుతున్నట్టే. స్క్రూల ఖర్చు చూసి బేరమాడేవాళ్లతో నాకు ఇప్పటికీ పడదు.

"తలుపులు తెరిస్తే గాలి అటునుంచి ఇటు వెళ్లిపోతుంది."

వెళ్లదు. లోపల దూరిన గాలి కప్పును కిందినుంచి నెడుతుంది, బయటి గాలి పైనుంచి లాగుతుంది. రెండూ కలిస్తే కప్పు లేస్తుంది. తలుపులు, కిటికీలు మూసి గడియ పెట్టండి.

"కొత్త షెడ్డు, ఇటుక గోడ, దీనికేం కాదు."

సగం కట్టిన షెడ్డంత ప్రమాదం ఇంకోటి లేదు. కప్పుతో, అడ్డకట్లతో కలిసి నిలబడాల్సిన గోడ అప్పటికి ఒంటరిగా ఉంటుంది, సిమెంటు కూడా పూర్తిగా గట్టిపడి ఉండదు. 2024 మే 26న నాగర్‌కర్నూల్ జిల్లా తాడూరు మండలం ఇంద్రకల్‌లో కడుతున్న కోళ్ల షెడ్డు గాలివానకు కూలి నలుగురు చనిపోయారు. మబ్బు కమ్మితే పని ఆపించి కూలీలను స్లాబు ఇంట్లోకి పంపాలి. ఆ గంట పనికి కూలి కోయకండి. గోడ చాటు, చెట్టు నీడ, ట్రాక్టర్ పక్కన, ఏదీ పనికిరాదు. పక్కా ఇల్లు దగ్గర్లో ఉంటే మబ్బు పట్టగానే అక్కడికి పోవాలి, గాలి మొదలయ్యాక కాదు.

గాలికి లేస్తున్న రేకును పట్టుకుని ఆపబోయేవాళ్లూ ఉంటారు. పైన చెప్పిన 100 కిలోల లెక్క ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి. రేకు అంచు కత్తిలా కోస్తుంది. పోతే పోనివ్వండి.

"గాలి ఆగింది, ఎక్కి చూద్దాం."

చివరి ఉరుము విన్నాక కనీసం అరగంట ఆగండి. సిమెంటు రేకు మీద కాలు పెడితే విరిగి కిందపడతారు. అడ్డంగా చెక్క పలక వేసుకునే ఎక్కాలి, తడిగా ఉంటే అసలే ఎక్కొద్దు. ఎగిరిన రేకు కరెంటు తీగల మీద పడినా, తీగ తెగి రేకుల మీద పడినా ఇనుప కప్పంతా కరెంటు ఉన్నట్టే లెక్క. కప్పును, పైపులను, వాటికి కట్టిన బట్టల తీగను కూడా ముట్టొద్దు. పశువులను అటు పోనివ్వొద్దు. తడి కర్రతో రేకు లాగబోయేవాళ్లను ఆపండి. కరెంటోళ్ల నంబరు 1912కి ఫోన్ చేసి, సప్లై ఆపామని లైన్‌మన్ స్వయంగా వచ్చి చెప్పాకే రేకు తీయండి.