లైటు మార్చేస్తే చాలా? కాటాలు, ఇన్వర్టర్ బోర్డులపై అపోహలు – వాస్తవాలు

ఆంధ్ర సరిహద్దును ఆనుకున్న ఒడిశా ఊరు పర్లాకిమిడిలో, కాటాలు, ఇన్వర్టర్లు బాగుచేసే షాపు మాది. ఒడియావాళ్ళు కాటా బల్ల మీద పెట్టి "భాయి, లైట్ జొళుని" అంటారు. పాతపట్నం వైపు నుంచి వచ్చేవాళ్ళు "లైటు వెలగట్లేదు, కొత్తది వేసిచ్చేయ్ బాబూ" అంటారు. భాష ఏదైనా పోయింది లైటేనన్న నమ్మకం మాత్రం ఇద్దరికీ ఉంటుంది.

అపోహ: లైటు వెలగలేదంటే ఎల్‌ఈడీ కాలిపోయినట్టే.

వాస్తవం: ఎల్‌ఈడీ అంత తేలిగ్గా పోదు. నేను ముందు దాని కాళ్ళ దగ్గర టంకం చూస్తాను. మూత బిగించినప్పుడల్లా ఎల్‌ఈడీ తల నొక్కుకుని, కాలి చుట్టూ వెంట్రుకంత సన్నని పగులు వస్తుంది. భూతద్దం పెడితేగానీ కనపడదు. తర్వాత దాని వెనకున్న, కరెంటును అదుపు చేసే రెసిస్టర్. ఆ తర్వాతే మల్టీమీటర్‌ని డయోడ్ రేంజిలో పెట్టి, ఎల్‌ఈడీ అంచు చదునుగా ఉన్నవైపు కాలికి నల్ల ప్రోబ్, రెండోదానికి ఎర్రది ఆనిస్తాను. మసగ్గా వెలిగినా చాలు, అది బాగానే ఉంది. నీలం, తెలుపు రంగులవి దాదాపు 3 వోల్టులు అడుగుతాయి. కొన్ని మీటర్లు అంత ఇవ్వలేవు, అందుకని వెలగలేదని పారేయకండి.

అపోహ: 9 వోల్టుల బ్యాటరీకి నేరుగా తగిలిస్తే ఎల్‌ఈడీ సంగతి తెలిసిపోతుంది.

వాస్తవం: అంతవరకూ బాగున్నది కాస్తా అక్కడే పోవచ్చు. ఎర్ర ఎల్‌ఈడీకి 2 వోల్టులు చాలు. 12 వోల్టుల లైన్ మీద 10 మిల్లీ ఆంపియర్లతో వెలిగించాలంటే మిగతా 10 వోల్టులు రెసిస్టర్ మోయాలి. అంటే 1 కిలో ఓమ్.

అపోహ: పచ్చ లైటు వచ్చిందంటే బ్యాటరీ ఫుల్.

వాస్తవం: నన్ను ఎక్కువ విసిగించేది ఇదే. జీడిపిక్కలు కొనే ఒకాయన కాటా తెచ్చాడు. రాత్రి ప్లగ్ పెట్టిన పది నిమిషాలకే పచ్చ లైటు వస్తుందట, తెల్లారి కొండ మీది సంతలో రెండు బస్తాలు తూచేసరికి కాటా ఆగిపోతుందట. "లైటు అబద్ధం చెబుతోంది, మార్చు" అన్నాడు. లోపల 6 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ. పలకలకు సల్ఫేటు పట్టిన బ్యాటరీ కరెంటు తీసుకోదు, చార్జర్ పెట్టగానే వోల్టేజి మాత్రం గబగబా 7 దాటేస్తుంది. ఆ బోర్డు చూసేది వోల్టేజినే కాబట్టి పచ్చ వెలిగించేస్తుంది. ఆయన ఎదురుగానే చార్జర్ తీసి చిన్న బల్బు లోడ్ పెట్టాను. మీటర్ అంకె చూస్తుండగానే 5 కిందికి జారింది. బ్యాటరీ మార్చాం, లైటు జోలికే పోలేదు.

అపోహ: లైటు ఆరిపోయింది, ఇక బోర్డులో కరెంటు లేదు.

వాస్తవం: ఈ నమ్మకంతోనే కొత్తలో నాకు షాక్ కొట్టింది, మోచేయి దాకా తిమ్మిరి. 230 వోల్టుల మీద నడిచే ఎస్‌ఎంపీఎస్ (ఇంటి కరెంటును తక్కువ వోల్టుల డీసీగా మార్చే సప్లయి) బోర్డులో, చార్జిని నిలవ ఉంచుకునే పెద్ద కెపాసిటర్ దగ్గర దాదాపు 325 వోల్టుల డీసీ ఉంటుంది. ప్లగ్ తీశాక కూడా అది కాసేపు నిలవచ్చు. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేసి నిప్పురవ్వలు చూపించే పనితనం వద్దు. మిగిలిన చార్జిని తగిన రెసిస్టర్‌తో దించి, మీటర్‌తో చూసుకుని చెయ్యి పెట్టండి. లైటు ఆగకుండా టప్ టప్‌మని కొట్టుకుంటుంటే సప్లయి లేవబోయి పడిపోతోందని అనుమానించాలి. షార్టో, ఉబ్బిన కెపాసిటరో వెతకండి.

ఇంకొకటి, కాటా మూతకు తూనికలు కొలతల శాఖ సీలు ఉంటుంది. అది తెగితే కాటాను మళ్ళీ పరీక్ష చేయించి ముద్ర వేయించుకోవాలి. మొన్న ఒకాయన లైటు తనే మార్చేద్దామని సీలు తెంపి, మూత విడిగా సంచిలో వేసుకుని వచ్చాడు. చూస్తే ప్లగ్ వైరే లోపల తెగిపోయి ఉంది.