‘మాకు డైక్ ఉందిగా!’ – ఆయిల్ ట్యాంకులపై అపోహలు, వాస్తవాలు

మొన్న రాత్రి పదకొండింటికి ఒహాయోలో గ్యాస్ స్టేషన్ (పెట్రోల్ బంకు) నడిపే తమ్ముడొకడు ఫోన్ చేశాడు. "అక్కా, ఈపీఏవాళ్ల ఎఫ్‌ఆర్‌పీ ప్లాన్ మా స్టేషన్‌కు కూడా ఉండాలట కదా? లేకపోతే రోజుకింత అని ఫైన్ వేస్తారట. వాట్సాప్ గ్రూపులో పెట్టారు. రెండ్రోజులుగా నిద్ర లేదు."

ఈపీఏ అంటే అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ. ఎఫ్‌ఆర్‌పీ అంటే ఆయిల్ పెద్ద ఎత్తున ఒలికితే ఏం చెయ్యాలో ముందే రాసిపెట్టుకునే ప్లాన్.

"గ్యాస్ ఎక్కడుంది నాయనా?"

"మూడు ట్యాంకులూ భూమిలోనే అక్కా. పైన సర్వీస్ బే వెనకాల 275 గ్యాలన్ల వేస్ట్ ఆయిల్ ట్యాంకు, రెండు డ్రమ్ములు, అంతే."

పూర్తిగా పూడ్చిపెట్టి, అండర్‌గ్రౌండ్ ట్యాంకుల రూల్స్ కింద ఉన్నవి ఎస్‌పీసీసీ లెక్కలోకే రావు; అది ఆయిల్ ఒలకకుండా ముందే జాగ్రత్తపడాలనే ఈపీఏ రూల్. పైన ఉన్నది 400 గ్యాలన్లు కూడా లేదు, పరిమితి 1,320. ఎస్‌పీసీసీయే వర్తించనివాడికి ఎఫ్‌ఆర్‌పీ ఎక్కడిది? ఫార్వర్డ్ చేసినవాళ్లు ముందు ఒక్కసారి రూల్ చదివి ఉంటే ఈ పిల్లాడికి రెండు రాత్రుల నిద్ర మిగిలేది. భయపడి ఫోన్ చేసేవాళ్లకు ఎన్నిసార్లయినా చెప్తాను. నాకు టెన్షన్ అంతా ఫోన్ చెయ్యని పెద్ద ట్యాంకులవాళ్ల గురించే.

అపోహ: డైక్ (ఆయిల్ ఒలికితే ఆపడానికి ట్యాంకుల చుట్టూ వేసే కట్ట) కట్టాం కాబట్టి మాది సబ్‌స్టాన్షియల్ హార్మ్ (ఆయిల్ ఒలికితే నీటికి, పరిసరాలకు పెద్ద నష్టం జరగగల చోటు) కిందికి రాదు.

వాస్తవం: రావచ్చు. పదిహేడేళ్లుగా ఈ ఆయిల్ ట్యాంకుల రూల్స్ పనే చేస్తున్నాను, నేను విన్న మాటల్లో అన్నిటికంటే ఖరీదైనది ఇదే. అది తేల్చే సర్టిఫికేషన్ ఫారంలో ఐదు ప్రశ్నలుంటాయి. నీటి మీద ఓడలకు, బార్జిలకు ఆయిల్ ఎక్కించడం, దించడం చేస్తూ 42,000 గ్యాలన్ల కెపాసిటీ ఉందా అనేది మొదటిది. మిగతా నాలుగూ మొత్తం కెపాసిటీ 10 లక్షల గ్యాలన్లు, అంటే సుమారు 38 లక్షల లీటర్లు, లేదా అంతకు మించి ఉన్నవాళ్లకు. అతిపెద్ద ట్యాంకు మొత్తం ఖాళీ అయినా, దాని మీద వాన పడినా పట్టేంత డైక్ లేని చోటు ఉందా? ఆయిల్ బయటికి పోతే చేపలకు, పక్షులకు, సున్నితమైన ప్రాంతాలకు హాని జరిగే దూరంలో ఉన్నారా? ఊరి తాగునీటి ఇన్‌టేక్ (నది నుంచి నీళ్లు తీసుకునే చోటు) మూతపడుతుందా? గత ఐదేళ్లలో 10,000 గ్యాలన్లో, అంతకంటే ఎక్కువో ఒలికిందా? వీటిలో ఒక్కదానికి ‘అవును’ అని వచ్చినా ఎఫ్‌ఆర్‌పీ ప్లాన్ రాయాల్సిందే. డైక్ జవాబు చెప్పేది ఒక్క ప్రశ్నకే.

1988 జనవరి 2న పెన్సిల్వేనియాలోని ఫ్లోరెఫ్‌లో యాష్‌లాండ్ ఆయిల్ కంపెనీది 40 లక్షల గ్యాలన్ల ట్యాంకు చీలి కూలిపోయింది. ఒహాయోలో విప్పి తెచ్చి ఇక్కడ మళ్లీ బిగించిన ట్యాంకు అది, మొదటిసారి నిండుగా నింపుతున్నారు. డైకులు ఉన్నాయి. డీజిల్ అలలా లేచి వాటిని దాటి, పక్కవాళ్ల పార్కింగ్ లాట్ మీదుగా మూత లేని స్టార్మ్ డ్రెయిన్‌లో పడి మొనోంగహీలా నదిలో కలిసింది. అక్కణ్నుంచి ఒహాయో నది. మూడు రాష్ట్రాల్లో దాదాపు 10 లక్షల మంది తాగే నీళ్లు పాడయ్యాయి.

అంత పెద్ద ప్రమాదమే అక్కర్లేదు. ఆయిల్ నిల్వ చేసే ఒక టెర్మినల్‌కు వెళ్లాను. మట్టి డైక్, గడ్డి నున్నగా కత్తిరించి ముచ్చటగా ఉంది. మేనేజరు గర్వంగా చూపించాడు. నేను బయటివైపు చుట్టూ నడిచాను. వాననీరు పోయే పైపు మూతి కింద జానెడు వెడల్పున గడ్డి నల్లగా చచ్చిపోయి ఉంది. లోపలికొచ్చి చూస్తే వాల్వ్ పూర్తిగా తెరిచి ఉంది. గొలుసు పక్కన వేలాడుతోంది, తాళం తుప్పు పట్టి బిగుసుకుపోయింది. "వాన తర్వాత తెరిచాం, మూయడం మర్చిపోయినట్టున్నాం" అన్నాడు ఆపరేటరు. ఏ వాన? రిజిస్టరులో చివరి ఎంట్రీ ఏడు నెలల కిందటిది. తూము ఎత్తేసిన చెరువుకు కట్ట ఎంత ఎత్తుంటే ఏం లాభం?

మిగతా అపోహలు గబగబా చెప్పేస్తాను. ట్యాంకు సగమే నింపుతాం అంటారు. లెక్క ట్యాంకు కెపాసిటీది, అందులో ఉన్న ఆయిల్‌ది కాదు. పాత ట్యాంకు వాడట్లేదు అంటారు. ఖాళీ చేసి, పైపులు విడదీసి, వాల్వులకు తాళాలు వేసి, మూసిన తేదీతో బోర్డు పెట్టేదాకా అది లెక్కలో ఉన్నట్టే. మాది వంటనూనె, తినేదేగా అంటారు. 1963 జనవరిలో మిన్నెసోటాలోని మంకేటోలో సోయా నూనె ట్యాంకు పగిలి నదిలోకి పోతే వేలాది బాతులు చచ్చిపోయాయి. ఈకలకు అంటుకున్నాక ఏ నూనైనా ఒకటే. ఐదింటికీ ‘లేదు’ అని వస్తే కాగితం అక్కర్లేదనుకోవద్దు. ఆ ఫారం నింపి, సంతకం పెట్టి, సైట్‌లో ఉంచాలి.

మళ్లీ ఆ టెర్మినల్‌కే వస్తాను. వాళ్ల ఫారంలో తాగునీటి ప్రశ్నకు ‘లేదు’ అని టిక్ ఉంది. ఎందుకంటే ఇన్‌టేక్ 31 మైళ్ల దిగువన ఉంది, పక్క కౌంటీలో. దూరం మన కంటితో కొలిచేది కాదు, ఏరు కొలిచేది. ఇలాంటి నదులకు రూల్ ప్రకారం 27 గంటల ప్రవాహం లెక్కెయ్యాలి: సహాయక సిబ్బంది చేరడానికి 24, ఆయిల్‌ను అడ్డుకునే తేలే కంచెలు, అంటే బూమ్‌లు వెయ్యడానికి 3. ఆ ఏరు వేగం గంటకు మైలున్నర. మేనేజరు తనే ఫోన్‌లో గుణించుకున్నాడు, నలభై మైళ్లు దాటింది. కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "మా అక్కావాళ్లు ఉండేది ఆ ఊళ్లోనే" అన్నాడు.

ఇప్పుడు ఆ కంట్రోల్ రూమ్‌లో ఫోన్ పక్కన గోడ మీద ఆ నీటి ప్లాంటు నంబరు పెద్దక్షరాలతో అంటించి ఉంది. వాల్వ్‌కు కొత్త తాళం వేశారు.